ఇంట్లో తుపాకీ: దాచిపెడితే సరిపోతుందా?

తుపాకీ ఉన్న ఇళ్లలో పెద్దలను దాన్ని ఎలా ఉంచుతున్నారని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటుంది. పిల్లలకు అందని చోట పెట్టాం, అది అక్కడ ఉన్న సంగతే వాళ్లకు తెలియదు. బీరువా పై అర, మడతపెట్టిన బట్టల అడుగు, పరుపు కింద, మంచం పక్కన సొరుగు, చేతిసంచి ఇలా చోటు ఇంటింటికీ మారుతుంది గానీ ఆ నమ్మకం మాత్రం మారదు. అమెరికాలో 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు ఈ నమ్మకాన్నే పరీక్షకు పెట్టారు. తుపాకీ ఉన్న ఇళ్లలోని తల్లిదండ్రులను, వాళ్ల పిల్లలను విడివిడిగా ప్రశ్నించారు. తుపాకీ ఎక్కడుందో మా పిల్లలకు తెలియదని చెప్పిన పెద్దల పిల్లల్లో 39 శాతం మందికి ఆ చోటు తెలుసు. మా పిల్లలు దాన్ని ఎన్నడూ పట్టుకోలేదని చెప్పిన వాళ్ల పిల్లల్లో 22 శాతం మంది తాము పట్టుకున్నామని చెప్పారు.

ఆ తల్లిదండ్రులు అబద్ధం చెప్పలేదు, తమ ఇంటి గురించి తాము నమ్మినదే చెప్పారు. ఇంట్లో ఎక్కువసేపు గడిపేది, ప్రతి మూలా వెతికేది, పండుగకు తెచ్చిన మిఠాయిని ఏ డబ్బాలో పెట్టారో అందరికంటే ముందు పసిగట్టేది పిల్లలే. దాచడం, భద్రపరచడం అనే రెండు పనులను ఒకటిగా చూడటంలోనే చిక్కంతా ఉంది. దాచిన వస్తువుకు రక్షణ ఇచ్చేది ఎదుటివాళ్ల తెలియనితనం. అది ఏ రోజు తొలగిపోతుందో దాచినవాళ్లకు తెలిసే మార్గం లేదు. తాళం వేసి భద్రపరచిన వస్తువు ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలిసినా దాని రక్షణ తగ్గదు. తుపాకీ యజమాని బాధ్యతను ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ఆయుధం తన చేతిలో గానీ తన కళ్లెదుట గానీ లేని ప్రతి క్షణంలోనూ మరెవరూ దాన్ని కాల్చలేని స్థితిలో ఉంచడం. ఈ బాధ్యతకు నిద్రవేళ, ప్రయాణం, చుట్టాల రాక వంటి మినహాయింపులేవీ ఉండవు.

పిల్లలకు ముందే నేర్పి ఉంచాం కాబట్టి భయం లేదనే మాట కూడా విస్తారంగా వినబడుతుంది. దీన్ని పరీక్షించిన ప్రయోగం ఒకటి 2001లో ప్రచురితమైంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు మగపిల్లలను ఇద్దరేసి, ముగ్గురేసి చొప్పున 29 జట్లుగా ఒక గదిలో కొద్దిసేపు వదిలి, అవతలి నుంచి గమనించారు. గదిలోని ఒక సొరుగులో కాల్చడానికి వీలులేకుండా మార్చిన నిజమైన పిస్టల్‌ను ఉంచారు. 21 జట్లు దాన్ని కనిపెట్టాయి. వాటిలో 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. పది జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ లాగారు. పిస్టల్‌ను పట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది తమకు తుపాకీ జాగ్రత్తల గురించి ఎవరో ఒకరు చెప్పారని ఆ తరువాత వివరించారు. తుపాకీ కనబడితే ముట్టుకోకు, అక్కడినుంచి వచ్చెయ్, పెద్దవాళ్లకు చెప్పు అని పిల్లలకు నేర్పడం తప్పకుండా చేయవలసిన పనే. కానీ ఆ పాఠం కుతూహలం ముందు నిలబడుతుందని నమ్మి తాళం వేయకుండా వదిలేస్తే, పెద్దలు మోయవలసిన బరువును పన్నెండేళ్ల పిల్లవాడి భుజాన పెట్టినట్టే. ఇంకా చిన్న పిల్లల విషయంలో ఆ పాఠానికీ అవకాశం లేదు. మూడు నాలుగేళ్ల వయసులోనే కొందరు పిల్లలకు కొన్ని చేతి తుపాకుల ట్రిగ్గర్ లాగే బలం ఉంటుంది. వేలితో లాగలేనివాళ్లు తుపాకీని తమవైపు తిప్పుకొని రెండు బొటనవేళ్లతో నొక్కే ప్రమాదం ఉంటుంది.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2003 నుంచి 2021 వరకు అందిన వివరాలను పరిశీలించి, పదిహేడేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలు తుపాకీ పొరపాటున పేలి మరణించిన 1,262 ఘటనలను విశ్లేషించింది. వాటిలో 85 శాతం ఏదో ఒక ఇంట్లో జరిగాయి. దాదాపు మూడింట రెండు వంతుల ఘటనల్లో ఎవరో తుపాకీతో ఆడుతూనో, దాన్ని మరొకరికి చూపిస్తూనో ఉన్నారు. తుపాకీని ఉంచిన తీరు తెలిసిన ఘటనల్లో సుమారు నాలుగింట మూడు వంతుల్లో అది తూటాలు నింపి, తాళం లేకుండా ఉంది. ఎక్కువగా దొరికిన చోట్లు మంచం పక్క బల్ల, పరుపు కింద, దిండు కింద, మంచం మీద. పెద్దలు దాచామనుకున్న చోట్ల జాబితా, పిల్లలకు దొరికిన చోట్ల జాబితా ఒకటేనని ఈ వివరాలు చూపిస్తున్నాయి.

మరి భద్రపరచడమంటే ఏమేమి చేయాలి? దీనికి స్పష్టమైన ఆధారాన్ని ఇచ్చినది 2005లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన పరిశోధన. వాషింగ్టన్, ఆరిగన్, మిస్సోరి రాష్ట్రాల్లో ఇరవై ఏళ్ల లోపు వాళ్లు ఇంట్లోని తుపాకీతో ఆత్మహత్యకు ప్రయత్నించిన లేదా పొరపాటున గాయపడిన ఇళ్లను, తుపాకీ ఉన్నా అలాంటి ఘటన జరగని ఇళ్లతో పోల్చి, నాలుగు అలవాట్లను లెక్కగట్టారు. తుపాకీకి తాళం వేసిన ఇళ్లలో అటువంటి ఘటనకు అవకాశం 73 శాతం తక్కువగా కనబడింది. తూటాలు తీసి ఉంచిన ఇళ్లలో 70 శాతం, తూటాలకు కూడా తాళం వేసిన ఇళ్లలో 61 శాతం, తుపాకీని, తూటాలను వేర్వేరు చోట్ల ఉంచిన ఇళ్లలో 55 శాతం తక్కువ. ఇది పోలిక మాత్రమే కాబట్టి, తాళం వేసే కుటుంబాలు ఇతర విషయాల్లోనూ జాగ్రత్తగా ఉండేవి అయి ఉండవచ్చు అనే సందేహానికి చోటుంది. అయినా నాలుగు అలవాట్లూ ఒకే దిశలో చూపించడం, చేతి తుపాకులకూ పొడవాటి తుపాకులకూ ఫలితం ఒకేలా ఉండటం గమనించదగినవి.

ఈ నాలుగింటిలో తూటాలు తీసి ఉంచడం తేలికగా కనబడుతుంది గానీ తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. పిస్టల్ నుంచి మ్యాగజైన్‌ను, అంటే తూటాలు వరసగా పేర్చి ఉండే డబ్బాను, బయటకు తీస్తే తుపాకీ ఖాళీ అయిపోయిందని చాలామంది భావిస్తారు. మ్యాగజైన్ తీయకముందే ఒక తూటా ఛాంబర్‌లోకి, అంటే గొట్టం వెనుక తూటా పేలే అరలోకి, చేరి ఉంటే అది అక్కడే ఉండిపోతుంది. చాలా పిస్టళ్లలో మ్యాగజైన్ లేకపోయినా ఆ తూటా పేలుతుంది. అందువల్ల ముందు మ్యాగజైన్ తీసి, తరువాత పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లయిడ్‌ను వెనక్కు లాగి పట్టి, ఛాంబర్‌ను కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవడం ఆయుధ శిక్షణలో మొదటి పాఠంగా ఉంటుంది. క్రమం తారుమారై ముందు స్లయిడ్ లాగి తరువాత మ్యాగజైన్ తీస్తే, మొదటి తూటా బయటపడినా, స్లయిడ్ ముందుకు వెళ్లేటప్పుడు మ్యాగజైన్‌లోని మరో తూటా ఛాంబర్‌లోకి చేరుతుంది. శుభ్రం చేయడానికి కూర్చున్న వ్యక్తి చేతిలో ఖాళీ అనుకున్న తుపాకీ పేలడానికి ఇది ఒక ముఖ్య కారణం.

తాళాల్లోనూ తేడాలున్నాయి. కేబుల్ లాక్ అంటే తుపాకీ యంత్రభాగం గుండా లేదా గొట్టం గుండా దూర్చి బిగించే ఉక్కు తీగ. అది ఉన్నంతసేపు తూటాను నింపి మూయడం సాధ్యం కాదు. ట్రిగ్గర్ లాక్ ట్రిగ్గర్‌కు ఇరువైపులా బిగుసుకొని వేలు దూరకుండా ఆపుతుంది. తూటాలున్న తుపాకీకి ట్రిగ్గర్ లాక్ బిగించకూడదు. బిగించే ప్రయత్నంలోనే ట్రిగ్గర్ కదిలి పేలవచ్చు. ఈ రెండూ చవకైనవే, పిల్లల చేతిని, క్షణికావేశాన్ని ఆపగలిగినవే. కానీ పనిముట్లతో వచ్చిన దొంగను ఇవి ఆపలేవు. తీగను కత్తిరించవచ్చు, లేదా తాళంతో సహా తుపాకీనే ఎత్తుకుపోవచ్చు. దొంగతనాన్ని కూడా అడ్డుకోవాలంటే గోడకు గానీ నేలకు గానీ బోల్టులతో బిగించిన ఉక్కు పెట్టె లేదా సేఫ్ కావాలి. బిగించని చిన్న పెట్టె దొంగకు మోసుకుపోవడానికి అనువైన సంచి లాంటిది.

వేలిముద్రతో తెరుచుకునే పెట్టెల విషయంలో 2023లో అమెరికాలో ఒక పెద్ద హెచ్చరిక వచ్చింది. వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఒకే తయారీదారుకు చెందిన సుమారు 61,000 పెట్టెలను వెనక్కు రప్పించింది. యజమాని తన వేలిముద్ర నమోదు చేసేదాకా ఆ పెట్టె ఎవరి వేలు పెట్టినా తెరుచుకునేలా తయారైంది. నమోదు పూర్తయిందని పొరబడిన కొందరి ఇళ్లలో అది అదే స్థితిలో ఉండిపోయింది. ఆ రకం పెట్టెకు సంబంధించిన ఘటనలో పన్నెండేళ్ల బాలుడు మరణించాడని దాఖలైన దావా కూడా ఆ ప్రకటనలో ప్రస్తావనకు వచ్చింది. కొత్త పెట్టె కొన్న రోజునే, దాన్ని తెరిచే అధికారం లేని మరో పెద్ద మనిషి వేలు పెట్టించి చూస్తే ఈ లోపం బయటపడుతుంది. నెలకొకసారి మళ్లీ అలా చూడటం అతిజాగ్రత్త కాదు.

అన్ని పరికరాలకూ ఉమ్మడి బలహీనత తాళంచెవి, రహస్య సంఖ్య. వందల కిలోల సేఫ్ కొని, తాళంచెవిని పక్క గది గోడకున్న కొక్కేనికి తగిలిస్తే ఆ ఇంట్లో తాళం లేనట్టే లెక్క. తయారీదారు పెట్టిన సంఖ్యను మార్చకుండా వదిలేయడం, కుటుంబంలో అందరికీ తెలిసిన పుట్టినరోజును సంఖ్యగా పెట్టడం, చిన్నప్పటినుంచి వేటకు వెంట వస్తున్నాడు కాబట్టి పదిహేనేళ్ల కొడుక్కి సంఖ్య తెలిసినా ఫరవాలేదనుకోవడం ఇవన్నీ ఒకే కోవకు చెందిన పొరపాట్లు. చివరిది అన్నింటికంటే ప్రమాదకరమైనదని నొక్కి చెప్పాలి. పసిపిల్లల విషయంలో జాగ్రత్తపడే పెద్దలే, పిల్లలు ఎదిగేకొద్దీ నమ్మకం పెంచుకొని తాళాన్ని సడలిస్తారు. ప్రమాదం స్వభావం సరిగ్గా ఆ వయసులోనే మారుతుంది. అప్పటివరకు పొరపాటున పేలడం ముఖ్యమైన భయం అయితే, ఆ తరువాత ఆత్మహత్య, కోపంలో చేసే దాడి ముందుకు వస్తాయి.

తుపాకీ మరణాల చర్చ ఎప్పుడు వచ్చినా నేరాలే కళ్ల ముందు మెదులుతాయి. లెక్కలు వేరే మాట చెబుతాయి. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోగా, వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లు, అంటే సగానికి మించి. తుపాకీతో జరిగే ఆత్మహత్యాయత్నాల్లో పదింట ఎనిమిది, తొమ్మిది ప్రాణం తీస్తాయి. ఇతర మార్గాల్లో చాలావాటిలో బతికి బయటపడే అవకాశం దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలా బతికినవాళ్లలో అత్యధికులు ఆ తరువాత ఆత్మహత్యతో మరణించరు. ఆత్మహత్య చేసుకోవాలనుకున్న మనిషి ఎలాగైనా చేసుకుంటాడు, తాళం ఏం చేస్తుంది అనే మాట ఎంత బలంగా నాటుకుపోయిందంటే, దాన్ని ప్రశ్నించాలన్న ఆలోచనే చాలామందికి రాదు. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో దాదాపు ప్రాణం పోయేంత తీవ్రమైన ఆత్మహత్యాయత్నం చేసి బతికిన 13 నుంచి 34 ఏళ్ల వాళ్లను ప్రశ్నించినప్పుడు, వారిలో సుమారు నాలుగో వంతు మంది, నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య గడిచినది అయిదు నిమిషాల కంటే తక్కువేనని చెప్పారు. తాళం ఎవరి దుఃఖాన్నీ పోగొట్టదు. ఆ అయిదు నిమిషాలను అరగంటగానో, గంటగానో సాగదీయగలదు. ఆలోపు ఎవరో తలుపు తట్టవచ్చు, ఫోన్ మోగవచ్చు, ఆ ఉధృతి తగ్గవచ్చు.

ఇజ్రాయెల్ సైన్యం అనుభవం దీనికి గట్టి ఉదాహరణ. యువ సైనికుల ఆత్మహత్యల్లో చాలా భాగం వారాంతాల్లో, ఇళ్లకు వెళ్లినప్పుడు, వెంట తీసుకెళ్లిన ఆయుధాలతో జరుగుతున్నాయని గుర్తించి, 2006లో వారాంతపు సెలవులో ఆయుధాన్ని స్థావరంలోనే వదిలివెళ్లే విధానాన్ని ప్రవేశపెట్టారు. ఆత్మహత్యల రేటు 40 శాతం తగ్గింది. తగ్గుదల దాదాపు అంతా వారాంతాల్లోనే కనబడింది, పనిదినాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వారాంతంలో ఆయుధం చేతిలో లేని సైనికులు ఆ పనిని పనిదినాలకు వాయిదా వేసుకోలేదని ఈ లెక్క చెబుతోంది. సైనికులు రైఫిల్‌ను ఇంట్లో ఉంచుకునే సంప్రదాయమున్న స్విట్జర్లాండ్‌లో కూడా, అత్యవసరానికని ఇళ్లలో ఉంచే సైనిక తూటాలను వెనక్కు తీసుకోవాలని 2007లో నిర్ణయించారు. రైఫిల్ ఇంట్లోనే ఉంటుంది, దానికిచ్చిన సైనిక తూటాలు మాత్రం ఉండవు.

ఇక్కడ యజమాని బాధ్యత తన పిల్లల వద్దనే ఆగిపోదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషే కుంగుబాటులో ఉంటే ఆ తాళం ఎందుకూ పనికిరాదు. ఉద్యోగం పోవడం, విడాకులు, దగ్గరివారి మరణం, తాగుడు పెరగడం వంటి కష్టకాలంలో తుపాకీని కొన్నాళ్లు ఇంటి బయట ఉంచడమే మేలైన మార్గం. చట్టం అనుమతించే చోట నమ్మకస్తుడైన బంధువు, షూటింగ్ క్లబ్, ఆయుధాల దుకాణం, పోలీస్ స్టేషన్ ఇందుకు ఉపయోగపడతాయి. తుపాకీని ఇచ్చెయ్ అని అడగడం చాలా కుటుంబాల్లో అవమానంగా పరిణమిస్తుంది. కొన్నాళ్లు నా దగ్గర ఉంచుతాను, నీకు కాస్త నెమ్మదించాక తిరిగి ఇస్తాను అన్నప్పుడు ఆ మాటను వినగలుగుతారు. తాగిన స్నేహితుడి చేతిలోంచి బండి తాళం తీసుకోవడాన్ని ఈరోజు ఎవరూ అవమానంగా చూడరు. ఇది కూడా అలాంటి పనే. మతిమరుపు జబ్బు మొదలైన వృద్ధుల విషయంలో ఈ సంభాషణ మరింత ముందుగా, ఆయన స్వయంగా నిర్ణయం తీసుకోగలిగిన రోజుల్లోనే జరగాలి. జబ్బు ముదిరాక అర్ధరాత్రి ఇంట్లో తిరుగుతున్న భార్యనే దొంగగా పొరబడే పరిస్థితి రావచ్చు.

ఇంట్లో దొరికిన తుపాకీ ఇల్లు దాటి వెళ్లినప్పుడు నష్టం ఇతర కుటుంబాల మీద పడుతుంది. 2008 నుంచి 2017 వరకు అమెరికా పాఠశాలల్లో జరిగిన 41 దాడులను ఆ దేశాధ్యక్షుడికి రక్షణ కల్పించే సీక్రెట్ సర్వీస్ అధ్యయనం చేసింది. తుపాకీ వాడిన దాడుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల్లో ఆ తుపాకీ తల్లిదండ్రుల ఇంటి నుంచో, దగ్గరి బంధువు ఇంటి నుంచో వచ్చింది. వాటిలో సగం దాకా తేలికగా చేతికందేలా లేదా సరైన భద్రత లేకుండా ఉన్నాయి. మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో 2021 నవంబరు 30న పదిహేనేళ్ల విద్యార్థి నలుగురు తోటి విద్యార్థులను కాల్చి చంపాడు. వాడిన పిస్టల్ కొన్నది నాలుగు రోజుల ముందు, కొన్నది తండ్రి. తుపాకీని ఒకచోట, తూటాలను మరోచోట బట్టల కింద దాచామని ఆ తల్లిదండ్రుల పక్షం వాదించింది. తుపాకీతో పాటు వచ్చిన కేబుల్ లాక్ వాడకుండా, సంచి కూడా విప్పకుండా ఇంట్లో దొరికిందని విచారణలో తేలింది. విడివిడిగా జరిగిన విచారణల్లో తల్లి, తండ్రి ఇద్దరూ ఉద్దేశపూర్వకం కాని నరహత్య నేరానికి దోషులుగా తేలారు. 2024 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి పది నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష పడింది. తమ బిడ్డ పాఠశాలలో జరిపిన సామూహిక కాల్పులకు తల్లిదండ్రులు ఈ నేరం కింద శిక్ష పొందడం ఆ దేశంలో అదే మొదటిసారి. వాళ్ల మీద రుజువైనది తుపాకీ విషయంలో అజాగ్రత్త ఒక్కటే కాదు, కొడుకు మానసిక స్థితి గురించి కళ్ల ముందున్న సంకేతాలను పట్టించుకోకపోవడం కూడా. అయినా ఆ విప్పని సంచి న్యాయస్థానంలో చూపిన ప్రభావం తక్కువది కాదు.

వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్‌లో 2023 జనవరిలో ఆరేళ్ల పిల్లవాడు తల్లి తుపాకీని బడికి తెచ్చి ఉపాధ్యాయురాలిని కాల్చాడు. ఆమె తీవ్రంగా గాయపడి బతికారు. తుపాకీ ఎత్తైన అరలో ఉందని, ట్రిగ్గర్ లాక్ కూడా ఉందని కుటుంబం తరఫు న్యాయవాది చెప్పారు. దర్యాప్తులో అటువంటి తాళం ఏదీ దొరకలేదు. ఆ తల్లికి రాష్ట్ర న్యాయస్థానంలోనూ, ఫెడరల్ (కేంద్ర) న్యాయస్థానంలోనూ వేర్వేరుగా జైలుశిక్షలు పడ్డాయి. ఎత్తు భద్రత కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఘటన అక్కర్లేదు. కుర్చీ లాక్కొని, సొరుగుల మీద కాలు మోపి ఎక్కే విద్య ప్రతి ఆరేళ్ల పిల్లకూ, పిల్లవాడికీ వచ్చు.

చట్టాలు ఈ బాధ్యతను ఎలా నిర్వచించాలన్న దగ్గర దేశాలు రెండు దారులు పట్టాయి. మొదటిది, ముందే ఇలా ఉంచాలని నిర్దేశించి, దాన్ని తనిఖీ చేయడం. బ్రిటన్‌లో తుపాకీ ఉంచుకునేందుకు ధ్రువపత్రం ఇచ్చే ముందే పోలీసులు ఇంటికి వచ్చి ఆయుధాన్ని ఎక్కడ ఉంచబోతున్నారో చూస్తారు. కెనడాలో తుపాకీని తూటాలు తీసి, తాళం పరికరంతో గానీ తాళం వేసిన పెట్టెలో గానీ ఉంచాలి. ఎక్కువ ఆంక్షలున్న వర్గానికి చెందిన చేతి తుపాకుల వంటి వాటికి సాధారణంగా రెండూ కావాలి. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హత్యకు గురైన తరువాత కుదిరిన జాతీయ ఒప్పందంలో భద్రపరచే నియమాలూ భాగమయ్యాయి. జర్మనీలోని విన్నెండెన్‌లో 2009లో ఒక యువకుడు తాను గతంలో చదివిన పాఠశాలలోనూ వెలుపలా 15 మందిని చంపినప్పుడు, తండ్రి తుపాకుల్లో మిగిలినవన్నీ సేఫ్‌లో ఉండగా ఒక్క పిస్టల్ మాత్రం పడకగదిలో ఉందని, అదే వాడబడిందని తెలిసింది. తండ్రికి శిక్ష పడింది, అది అమలు నిలిపివేసిన జైలుశిక్ష. అదే ఏడాది జర్మనీ ఆయుధ చట్టాన్ని సవరించి, ప్రత్యేక అనుమానమేదీ లేకపోయినా యజమాని ఆయుధాన్ని ఎలా ఉంచుతున్నాడో అధికారులు వచ్చి తనిఖీ చేసే వీలు కల్పించింది. ఒక డజనుకు పైగా ఆయుధాలకు తాళం వేసి ఒక్కదాన్ని వదిలేయడం గురించి ఆలోచిస్తే, బాధ్యతకు సగటు లెక్క పనికిరాదని అర్థమవుతుంది.

రెండో దారి అమెరికాది. అక్కడ పిల్లల చేతికి తుపాకీ చిక్కిన తరువాత పెద్దలను శిక్షించే చట్టాలే ఎక్కువ. ఫ్లోరిడా 1989లో ఇటువంటి మొదటి చట్టం చేసింది. మసాచుసెట్స్ వంటి కొద్ది రాష్ట్రాలు, ప్రమాదం జరిగినా జరగకపోయినా, యజమాని చేతిలో లేనప్పుడు తాళం ఉండి తీరాలంటున్నాయి. ఆక్స్‌ఫర్డ్ ఘటన నాటికి మిషిగన్‌లో అలాంటి చట్టమే లేదు, అది 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. 2005 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న వ్యాపారి చేతి తుపాకీతో పాటు తాళం పరికరం ఇవ్వాలి, కానీ కొన్నవాళ్లు దాన్ని వాడాలని ఆ చట్టం ఎక్కడా చెప్పదు. పిల్లల చేతికి తుపాకీ చిక్కకుండా చూసే చట్టాలున్న చోట యువతలో తుపాకీ ఆత్మహత్యలు, పొరపాటు కాల్పులు తగ్గుతాయని అమెరికాకు చెందిన ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ జరిపిన విస్తృత సమీక్ష తేల్చింది. తుపాకీ విధానాల మీద ఆ సంస్థ పరిశీలించిన అనేక అంశాల్లో ఆధారం ఇంత బలంగా కనబడినవి కొద్దే.

తాళానికి వ్యతిరేకంగా వచ్చే ప్రధాన వాదన ఆత్మరక్షణది. రాత్రి రెండింటికి తలుపు పగులుతుంటే తాళంచెవి వెతుక్కుంటూ కూర్చోవాలా అన్న ప్రశ్నలోని భయం నిజమైనది, దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. అమెరికా సుప్రీంకోర్టు 2008లో రాజధాని వాషింగ్టన్ నగర చట్టాన్ని కొట్టివేసినప్పుడు, ఇంట్లో తుపాకీని ఎల్లప్పుడూ విడదీసి గానీ ట్రిగ్గర్ లాక్ వేసి గానీ ఉంచాలన్న నిబంధన ఆత్మరక్షణకు వీలు లేకుండా చేస్తుందని భావించింది. అదే తీర్పులో, ప్రమాదాలను నివారించడానికి భద్రపరచే తీరును నియంత్రించే చట్టాలను తమ విశ్లేషణ చెల్లకుండా చేయదని కూడా పేర్కొంది. ఆ తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, చేతి తుపాకీ యజమాని ఒంటి మీద లేనప్పుడు తాళం వేసి ఉండాలని పెట్టిన నియమాన్ని 2014లో అప్పీళ్ల న్యాయస్థానం సమర్థించింది. 2015లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. ఈ రెండు నియమాల మధ్య తేడాలోనే సమాధానం ఉంది. యజమాని వెంట ఉన్నప్పుడు తుపాకీ సిద్ధంగా ఉండవచ్చు. వెంట లేనప్పుడు సిద్ధంగా ఉన్న తుపాకీ ఎవరి రక్షణకు? యజమాని ఆఫీసులో ఉన్న మధ్యాహ్నం పూట దిండు కింద తూటాలతో ఉన్న పిస్టల్ ఇంట్లోని పిల్లలకు తప్ప ఎవరికీ అందుబాటులో లేదు. రాత్రిపూట చేతికందేలా ఉండాలనుకుంటే, మంచం పక్కనే బిగించి, మీటల వరసను చీకట్లో కూడా నొక్కి కొద్ది సెకన్లలో తెరవగలిగే చిన్న ఉక్కు పెట్టెలున్నాయి. అవి కూడా ఆలస్యమేనని భావించేవాళ్లు, నిద్రలోంచి అప్పుడే లేచి, చీకట్లో, ఎదురుగా ఉన్నది దొంగా లేక ఆలస్యంగా ఇంటికి వచ్చిన కూతురా అని పోల్చుకోవడానికి ఆ కొద్ది సెకన్లు తమకే అవసరం కావచ్చని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రక్షణ కోసమని తాళం వేయకుండా ఉంచిన తుపాకే దొంగకు మొదటి లాభం. అమెరికాలో 2017 నుంచి 2021 వరకు అయిదేళ్లలో 10,74,022 తుపాకులు చోరీ అయినట్లు నమోదయ్యాయి. అందులో దాదాపు 96 శాతం వ్యక్తుల వద్ద నుంచి పోయినవే, దుకాణాలవి కావు. అలా పోయిన ఆయుధం మరెక్కడో నేరంలో తేలుతుంది. వరుస సంఖ్య, తయారీ వివరాలు, ఫోటో ఒకచోట రాసి ఉంచుకోవడం, పోయిందని తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పడం యజమాని కనీస విధి. నెలకొకసారి సేఫ్ తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూడని యజమానికి అది ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

సొంత పిల్లలు లేరు కాబట్టి తాళం అక్కర్లేదనుకునే ఇళ్లకు మేనల్లుళ్లు వస్తారు, పక్కింటి పిల్లలు వస్తారు, సెలవులకు మనవలు వస్తారు. తమ పిల్లలను వేరే ఇంటికి ఆటకు పంపే తల్లిదండ్రులకు, ఆ ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి ఉందా అని అడిగే హక్కు ఉంది. కుక్క ఉందా, ఈత కొలను ఉందా అని అడిగినట్టే అడగవచ్చు. అడిగినవాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా, వాళ్లు అడగకముందే చెప్పగలగడం యజమాని వైపు నుంచి మర్యాద.

యజమాని మరణించినప్పుడు వచ్చే చిక్కును మాత్రం చాలా కుటుంబాలు ఊహించవు. కొత్తగా వితంతువైన స్త్రీకో, దూరదేశంలో ఉన్న కొడుక్కో సేఫ్‌లో ఎన్ని ఆయుధాలున్నాయో, తెరిచే సంఖ్య ఏమిటో, లోపల ఉన్నవాటిలో దేనిలోనైనా తూటా ఉందో తెలియదు. చాలా దేశాల్లో లైసెన్సు మరణించిన వ్యక్తి పేరు మీదిదే, వారసులకు దానంతట అది రాదు. కాబట్టి ఆయుధాల వివరాలు, లైసెన్సు పత్రాలు, సంఖ్య ఉన్న కవరును న్యాయవాది వద్దనో, నమ్మకమైన బంధువు వద్దనో మూసి ఉంచి, తన తరువాత వీటిని ఎవరు తీసుకోవాలో, తీసుకోవడానికి ఎవరూ లేకపోతే ఎక్కడ అప్పగించాలో యజమాని ముందే రాసి పెట్టాలి. సేఫ్‌లోని ప్రతి తుపాకీ ఖాళీగా ఉందని ఆ కాగితంలో రాయవచ్చు. అయినా తెరిచేవాళ్లు ప్రతిదాన్నీ తూటా ఉన్నదానిగానే భావించి, ఆయుధాలు తెలిసిన మనిషిని పక్కన పెట్టుకొనే ఆ తలుపు తెరవాలి.